నమ్మకానికి గడువు: మోటుపల్లి అభయశాసనం – సెషన్ స్మృతికోశ చరిత్ర

ప్రస్తావన

ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం అభయశాసనంగా ప్రసిద్ధం. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారని అది చెబుతుంది. ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని వర్తకులకు హామీ ఇస్తుంది. అపరిచితుల మధ్య నమ్మకాన్ని నిలపడమనే ఈ సమస్యే సుమారు 750 ఏళ్ల తర్వాత కంప్యూటర్ల మధ్య మరో రూపంలో తలెత్తింది. దాని పరిష్కార క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

స్మృతికోశ నిర్మాణం

వరంగల్‌లోని ఒక ఖాతాదారు బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు అతని కంప్యూటరు ముందుగా బ్యాంకు ధ్రువపత్రాన్ని సరిచూస్తుంది. ఆపై రెండు యంత్రాలూ ఒక రహస్యాన్ని కుదుర్చుకుంటాయి. ఇందుకు అవసరమైన గణితక్రియ 1990ల నాటి సర్వర్లకు పెనుభారం. అందువల్ల 1995 నాటి నెట్‌స్కేప్ వారి ఎస్‌ఎస్‌ఎల్ 2.0లోనే కుదిరిన ఒప్పందాన్ని గుర్తుంచుకునే ఏర్పాటు కనిపిస్తుంది. 1996 నాటి ఎస్‌ఎస్‌ఎల్ 3.0లో సర్వర్ గరిష్ఠంగా 32 బైట్ల గుర్తింపును ఇచ్చి, దానికి సంబంధించిన 48 బైట్ల మూలరహస్యాన్ని దాచుకుంటుంది. ఆ గుర్తింపుతో తిరిగి వచ్చినవారితో పరిచయాన్ని మొదటినుంచి జరపనక్కరలేదు. ఈ నిల్వనే సెషన్ క్యాషే అంటారు. ఇక్కడ స్మృతికోశం అని వ్యవహరిస్తున్నాం.

విస్మృతి అవసరం

1998 డిసెంబరులో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గ్రంథాలయం స్మృతికోశ పరిమితిని 20,480 సెషన్లుగా నిర్ణయించింది. ప్రతి 255 అనుసంధానాలకు ఒకసారి గడువు తీరినవాటిని తొలగించే పద్ధతిని పెట్టింది. స్థలాభావం ఒక్కటే దీనికి కారణం కాదు. 1999 నాటి టీఎల్‌ఎస్ 1.0 ప్రమాణం సెషన్ గుర్తింపు ఆయువు 24 గంటలు మించరాదని సూచించింది. మూలరహస్యం దొంగ చేతికి చిక్కితే, ఆ గడువు తీరేదాకా అతడు అసలు వ్యక్తిగా చలామణి కాగలడు. రక్షణ కొరవడిన చోట సెషన్ గుర్తింపులను శాశ్వత నిల్వలో రాయరాదని కూడా ఆ ప్రమాణం హెచ్చరించింది.

2006లో వచ్చిన సెషన్ టికెట్ విధానం స్మృతిని గుప్తీకరించి ఖాతాదారు యంత్రానికే అప్పగించింది. సర్వర్ భారం తగ్గింది. కాని టికెట్లన్నింటి భద్రత సర్వర్ వద్దనున్న తాళంచెవిపై ఆధారపడింది. దాన్ని తరచూ మార్చకపోతే పాత సంభాషణలకూ ముప్పే. 2018 నాటి టీఎల్‌ఎస్ 1.3 టికెట్ ఆయువును 7 రోజులకు పరిమితం చేసి, పునఃపరిచయంలోనూ కొత్త రహస్యాన్ని కలుపుకునే వీలు కల్పించింది.

ముగింపు

మోటుపల్లి శాసనం బహిరంగ వాగ్దానం. పదిమందీ ఎంతకాలం చదివితే దానికి అంత బలం. సెషన్ మూలరహస్యం ఇద్దరి మధ్యది. అది ఎంతకాలం నిలిస్తే అంత ప్రమాదం. కనుక స్మృతికోశ నిర్వహణలో గుర్తుంచుకోవడం సౌకర్యానికి, సకాలంలో మరచిపోవడం భద్రతకు సంబంధించినవి. ఈ రెండింటి మధ్య గడువును నిర్ణయించే ప్రయత్నమే ఈ రెండు దశాబ్దాల పరిణామం.