మిరాశీ వాళ్ళకు, పనిముట్టు మనకు

తరతరాల సొమ్మును ఇంగ్లిషులో ‘ఎయిర్‌లూమ్’ అంటారు. అందులో ‘లూమ్’ అంటే మొదట మగ్గం కాదు, పనిముట్టు. మన ‘వారసుడు’, ‘మిరాశీ’ రెండూ ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు.

తడ దాటి దక్షిణానికి పోతే నాటి చెంగల్పట్టు జిల్లా. అక్కడ మిరాశీదారులు పొలాలే కాదు, పరయర్ల గుడిసె కింది నేలా తమదేననేవాళ్ళు. 1891లో కలెక్టర్ ట్రెమెన్‌హీర్ ఈ దుస్థితిని నివేదికలో రాశాడు. 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్ళకు భూమి ఇమ్మంది. అవే పంచమి భూములు.

మన తాతలకు దక్కినవి పార, ఆరె, డప్పు. నేల చాలా ఆలస్యంగా, పట్టా కాగితమై వచ్చింది. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది; వారసత్వాన్ని కాదు.

ఇంట్లో డీకేటీ పట్టా ఉంటే బయటికి తీయండి. సర్వే నంబరు అడంగల్‌తో సరిచూడండి. జై భీమ్.