జొన్న పురుగుకి చెరకు పేరు

డేటాబేస్‌తో కాపురం చేసినవాళ్ళందరికీ ఈ తలనొప్పి పరిచయమే. ఇద్దరు కస్టమర్లు ఒకరేననుకుని ఎవరో పుణ్యాత్ముడు రెండు రికార్డుల్నీ మెర్జ్ చేసేస్తాడు. ఆ తర్వాత ఒకరి బిల్లు ఇంకొకరి ఇంటికి వెళ్తూ ఉంటుంది. సరిగ్గా ఇలాంటి మెర్జే జొన్న పైరు మీది ఒక పురుగు విషయంలోనూ జరిగింది.

ఆ పురుగు పేనుబంక. పాలమూరు, నల్గొండ వైపు యాసంగి జొన్న చేలో ఆకు తిప్పి చూస్తే అడుగున లేత పసుపు రంగులో గుంపులుగా ఉంటుంది. రసం పీల్చి తీపి బంక వదులుతుంది, దానిమీద నల్లటి మసి పడుతుంది. మగవాటితో పనిలేకుండా ఆడవే పిల్లల్ని కంటాయి కాబట్టి చూస్తుండగానే చేనంతా అంటుకుంటుంది. (జొన్న సుడిలో నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో కనబడేది వేరే జాతి, అది మొక్కజొన్న మీద కూడా ఉంటుంది.)

ఇక చరిత్రలోకి వద్దాం. 1897లో జావాలో చెరకు మీద దొరికిన ఒక పేనుబంకకి జెంట్నర్ అనే శాస్త్రవేత్త "శాకరై" అని పేరు పెట్టాడు. అంటే చెరకుది అని. 1904లో థియోబాల్డ్ అనే ఇంగ్లీషాయన సూడాన్‌లో జొన్న మీది పేనుబంకకి "సోర్గై" అని పెట్టాడు. అంటే జొన్నది అని. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. దాంతో తర్వాతివాళ్ళు రెండూ ఒకటే అనేసుకుని "చెరకు పేనుబంక" అన్న పేరే వాడుతూ వచ్చారు. విచిత్రమేమిటంటే, ఆ మెర్జ్ సరైనదేనని పద్ధతిగా తేల్చిన పరిశోధన ఒక్కటీ లేదు!

2013లో అమెరికాలో టెక్సాస్ చుట్టుపక్కల జొన్న పంట మీద ఇది విరుచుకుపడింది. అక్కడి చెరకు మీద ఈ పేరుగల పురుగు అప్పటికే ఉంది. అదే రుచి మార్చుకుని జొన్న మీదికి దూకిందా అన్న ప్రశ్న వచ్చింది. 2021లో నిబూష్ బృందం అనేక దేశాల నమూనాల్ని కొలిచి, డీఎన్ఏ కూడా చూసి తేల్చింది: ఇవి రెండు వేరువేరు జాతులు. అమెరికా జొన్నని పాడుచేసింది సోర్గై. మీసం చివరి భాగం పొడవుని వెనక కాలితోనో తోకతోనో పోల్చి వీటిని విడదీయొచ్చు. ఒక్కోసారి అదీ చాలదు, జన్యుపరీక్ష చెయ్యాల్సిందే.

"పేరులో ఏముందిలే" అనుకోకండి. పురుగు ఏ మొక్క మీద బతుకుతుందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పేరు తప్పయితే చెరకుతోటల మీద నిఘా పెట్టి, కోసిన జొన్న మోళ్ళనుంచి వచ్చే పిలకల్ని వదిలేస్తాం. జొన్న మీద శాకరై అని రాసిపెట్టిన పాత రికార్డుల్నీ, తట్టుకునే రకాల పరీక్షల్నీ ఇప్పుడు మళ్ళీ చదువుకోవాలి. పాలెం పరిశోధనా స్థానం లాంటి చోట్ల ఈ పని జరిగితే మన జిల్లాలకి నేరుగా ఉపయోగం. నమూనాని ఆల్కహాల్ సీసాలో వేసి, ఏ మొక్క, ఏ ఊరు, ఏ తేదీ అని చీటీ అంటిస్తే చాలు, రేపు ఎవరైనా పేరు సరిచూడొచ్చు.

మన రైతు మాత్రం ఎప్పట్నుంచో "జొన్నకి బంక పట్టింది" అనే అంటున్నాడు. ఆయన రికార్డులో చెరకు ఊసే లేదు.