ఫిప్స్ కన్సర్వేటరీ

ఫిప్స్ కన్సర్వేటరీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ నగరంలో గల ప్రసిద్ధ ఉద్యాన గాజుగృహము. ఇది ఓక్‌లాండ్ ప్రాంతంలోని షెన్లీ పార్కులో ఉన్నది. 1893 డిసెంబరు 7న ప్రజల సందర్శనార్థం ప్రారంభించబడినది. బయట మంచు కురిసే రోజులలో కూడా తాళజాతి వృక్షాలను, ఆర్కిడ్‌లను, ఫెర్న్‌లను, ఎడారి మొక్కలను ఇక్కడ చూడవచ్చును. అందువలన శీతాకాలపు సందర్శనకు ఇది పేరుపొందినది.

చరిత్ర

షెన్లీ పార్కు కొరకు 1889లో మేరీ షెన్లీ 300 ఎకరాల భూమిని నగరానికి దానమిచ్చినది. ఉక్కు పరిశ్రమలో ఆండ్రూ కార్నెగీకి భాగస్వామి అయిన హెన్రీ ఫిప్స్ ఈ పార్కులో గాజుగృహాన్ని కట్టించి నగరానికి బహూకరించాడు. లార్డ్ అండ్ బర్నమ్ సంస్థ దీనిని ఉక్కు, గాజులతో నిర్మించినది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఉంచిన మొక్కలు అనేకం ప్రదర్శన ముగిసిన పిమ్మట ఇక్కడికి తరలించబడినవి. 1976లో ఈ భవనం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చబడినది. 1993 నుండి లాభాపేక్ష లేని సంస్థ దీనిని నిర్వహించుచున్నది.

ఆదివారపు నియమం

గాజుగృహం ఆదివారాలలో కూడా తెరచి ఉండవలెనని ఫిప్స్ కోరాడు. ఆనాడు ఉక్కు కర్మాగారాలలో రోజుకు 12 గంటల పని సాధారణం. పగలంతా కొలిమి వద్ద గడిపే కార్మికునకు ఆదివారం తప్ప వేరొక తీరిక లేదు. అయితే పెన్సిల్వేనియాలో 1794 నాటి చట్టం ఆదివారపు వినోదాలను నిషేధించినది. వృత్తిపరమైన బేస్‌బాల్ పోటీలు సైతం 1934 వరకు ఆదివారం సాధారణంగా జరుగలేదు. అటువంటి కాలంలో ఈ నియమం కార్మిక కుటుంబాలకు మేలు చేసినది.

ఈ దానానికి మరొక పార్శ్వం కూడా కలదు. 1892 జూలైలో సమీపంలోని హోంస్టెడ్ ఉక్కు కర్మాగారంలో వేతనాల తగ్గింపుపై తలెత్తిన వివాదం కాల్పులకు దారితీసి, ఇరువైపులా ప్రాణనష్టం జరిగినది. చివరకు కార్మికసంఘం ఓడిపోయినది. ఆ కర్మాగారం ఫిప్స్ వాటాదారుగా ఉన్న కార్నెగీ కంపెనీదే. ఆ మరుసటి సంవత్సరమే గాజుగృహం తెరవబడినది.

శీతాకాలంలో

జనవరిలో పిట్స్‌బర్గ్ ఉష్ణోగ్రత తరచుగా సున్నా డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పోవును. గాజు సూర్యకాంతిని లోనికి రానిచ్చి, వేడెక్కిన గాలిని బయటకు పోనీయదు. కాని మబ్బు దినాలలోను, రాత్రులందును ఇది చాలదు కనుక ఆవిరితో వేడి కల్పింపబడును. బొగ్గుపొగ దట్టంగా ఉన్న కాలంలో కాంతి కూడా కొరవడేది. 1940 దశకంలో కొన్ని రోజులు మధ్యాహ్నమే వీధిదీపాలు వెలిగించవలసి వచ్చేది. 1941లో చేసిన పొగ నియంత్రణ శాసనం 1946 నుండి అమలైన తరువాత గాలి క్రమంగా తేటపడినది.

నవంబరు చివరి నుండి జనవరి ఆరంభం వరకు శీతాకాలపు పుష్పప్రదర్శన జరుగును. బయటి చలికి తొడిగిన కోటు లోపల బరువనిపించును.

సమీప దర్శనీయ స్థలాలు

• కెథెడ్రల్ ఆఫ్ లెర్నింగ్: పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు 42 అంతస్తుల భవనం. ఎత్తు 163 మీటర్లు. నిర్మాణం 1926లో మొదలైనది. దీని కొరకు వేలాది బడిపిల్లలు తలకొక పది సెంట్లు ఇచ్చారు. ఇందులోని వివిధ దేశాల గదులలో, నలందా విహారాన్ని తలపించే భారతీయ గది 2000లో ప్రారంభమైనది.

• హైంజ్ స్మారక ప్రార్థనాలయం: 1938లో ప్రారంభమైనది. రంగుటద్దాల కిటికీలకు ప్రసిద్ధి.

• కార్నెగీ మ్యూజియం: 1895లో స్థాపితం. 1899లో వయోమింగ్‌లో బయల్పడిన డిప్లొడోకస్ రాక్షసబల్లి అస్థిపంజరం ఇక్కడ ఉన్నది.

• శ్రీ వేంకటేశ్వర ఆలయం: నగరానికి తూర్పున పెన్‌హిల్స్‌లో ఉన్నది. అమెరికాలోని తొలి హిందూ ఆలయాలలో ఒకటైన ఇది 1970 దశకంలో నిర్మించబడినది. తెలుగువారు అధికసంఖ్యలో దర్శించుదురు.