పసికంట నీరు కారుతుంటే: కన్నీటి నాళంలో అడ్డు, దాని చాటున లేజీ ఐ ముప్పు

పుట్టిన రెండు మూడు వారాలకు బిడ్డకు ఒక కంట ఎడతెగక నీరు కారడం మొదలవుతుంది. తెల్లవారి చూస్తే పుసి కట్టి రెప్పలు అంటుకుపోయి ఉంటాయి. తెల్లగుడ్డు మాత్రం తెల్లగానే ఉంటుంది. బిడ్డ పాలు తాగుతుంది, హుషారుగా ఆడుకుంటుంది. జలుబు చేసిందనో, దిష్టి తగిలిందనో, స్నానం చేయించేటప్పుడు కంట్లో నీళ్లు పడ్డాయనో ఇంట్లో తలా ఒక కారణం చెబుతారు. చాలా సందర్భాల్లో అసలు కారణం ఒక్కటే: కన్నీరు ముక్కులోకి దిగే సన్నని నాళం పూర్తిగా తెరుచుకోకపోవడం.

కన్నీరు ఏడుపుతో మాత్రమే పుట్టేది కాదు. కంటిని తడిగా ఉంచేందుకు అది నిరంతరం ఊరుతూనే ఉంటుంది. అలా ఊరిన నీరు రెప్పల లోపలి కొసన ఉన్న రెండు సూక్ష్మ రంధ్రాల గుండా కన్నీటి సంచిలోకి, అక్కడి నుంచి నాళం ద్వారా ముక్కులోకి దిగిపోతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారడం అందుకే. గర్భంలో ఈ నాళం మొదట గట్టి తీగలా ఏర్పడి, క్రమంగా లోపల బోలుగా మారుతుంది. ముక్కులోకి తెరుచుకునే కింది కొస అన్నిటికన్నా ఆలస్యంగా విచ్చుకుంటుంది. పుట్టేనాటికి అక్కడ పలుచని పొర మిగిలిపోతే నీటికి దారి ఉండదు. నవజాత శిశువుల్లో 5 నుంచి 20 శాతం మందికి ఈ స్థితి ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. అయితే వీరిలో పదింట తొమ్మిది మందికి మొదటి పుట్టినరోజు నాటికి ఆ పొర దానంతట అదే తెరుచుకుంటుంది.

ఆ లోగా వైద్యులు సూచించేది మర్దన. అమెరికా వైద్యుడు లూయిస్ క్రిగ్లర్ 1923లో వివరించిన ఈ పద్ధతి నేటికీ ప్రథమ చికిత్సగా నిలిచి ఉంది. గోళ్లు కత్తిరించుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, కంటి లోపలి మూలకూ ముక్కుకూ మధ్య, అంటే కన్నీటి సంచి ఉన్న చోట, వేలి కొసను ఆనించాలి. కొద్దిపాటి ఒత్తిడితో కిందికి జార్చాలి. రోజుకు రెండు మూడు పర్యాయాలు, ప్రతిసారీ ఐదు నుంచి పదిసార్లు చేస్తే చాలు. ఉద్దేశం చర్మాన్ని రుద్దడం కాదు, సంచిలో నిలిచిన నీటిని కిందికి తోసి ఆ ఒత్తిడితో పొరను తెరవడం. పెద్దలు ముక్కు దూలాన్ని సాగదీయడం, కంటిగుడ్డు మీద నొక్కడం దీనికి ప్రత్యామ్నాయాలు కావు. మర్దన ఎలా చేయాలో వైద్యుడి ఎదుట ఒకసారి చేసి చూపించి సరిచూసుకోవడం ఉత్తమం.

తల్లిపాల చుక్కలు, ఆముదం, కాటుక కంట్లో వేసే అలవాటు ఇంకా కొనసాగుతోంది. ఇవేవీ నాళాన్ని తెరవలేవు. కొన్ని కాటుకల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది కూడా. యాంటీబయాటిక్ చుక్కల మందుకూ పరిమితి ఉంది: పుసి పచ్చగా, చిక్కగా పడుతున్నప్పుడు ఇన్‌ఫెక్షన్‌ను అది తగ్గిస్తుంది, అడ్డును తొలగించదు. నెలకోసారి దుకాణంలో అదే సీసా కొనుక్కుని రావడం వల్ల ప్రయోజనం లేదు.

ఏడాది దాటినా నీరు ఆగకపోతే ప్రోబింగ్ చేస్తారు. సాధారణంగా మత్తు ఇచ్చి, సన్నని లోహపు కడ్డీని నాళంలోకి పంపి పొరను తెరుస్తారు. కొన్ని నిమిషాల పని. ఎక్కువ మందికి దానితోనే నయమవుతుంది. కానివారికి నాళంలో బెలూన్‌తో వెడల్పు చేయడం, కొంతకాలం సిలికాన్ గొట్టం ఉంచడం వంటి మార్గాలున్నాయి.

వేచి చూడకూడని సందర్భాలూ ఉన్నాయి. కంటి లోపలి మూల ఎర్రగా వాచి జ్వరం వస్తే, పుట్టగానే అక్కడ నీలిరంగు బుడిపె కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నీరు కారడంతోపాటు బిడ్డ వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటున్నా, నల్లగుడ్డు మామూలుకన్నా పెద్దదిగా, మసకగా ఉన్నా అది పుట్టుకతో వచ్చిన నీటికాసులు కావచ్చు. కనుపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. తెలియనిది, నీటి చాటున దాగే మరో సమస్య.

మెదడు చూడటం నేర్చుకునేది మొదటి కొన్నేళ్లలోనే. రెండు కళ్ల నుంచీ స్పష్టమైన బొమ్మలు అందితేనే ఆ నేర్పు రెండింటికీ అబ్బుతుంది. ఒక కంటి పవర్ మరో కంటికన్నా బాగా తేడాగా ఉంటే మెదడు మసక బొమ్మను పక్కనపెట్టి, స్పష్టంగా కనిపించే కంటినే నమ్ముకుంటుంది. కంటి నిర్మాణంలో లోపం లేకపోయినా ఆ కంటి చూపు ఎదగదు. దీన్నే లేజీ ఐ అంటారు. బాలల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది కనిపిస్తుంది. పిల్లి పిల్లల కన్ను మూసి ఉంచితే మెదడు ఎలా మారుతుందో నిరూపించిన డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజెల్‌లకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. లేజీ ఐ మీద నేటి అవగాహనకు ఆ పరిశోధనే పునాది.

నాళం మూసుకున్న పిల్లల్లో రెండు కళ్ల పవర్ తేడా సాధారణం కన్నా ఎక్కువగా ఉంటుందా? ఉంటుందని కొన్ని పరిశీలనలు, లేదని మరికొన్ని చెబుతున్నాయి. 2010 ప్రాంతంలో అమెరికాలో వెలువడిన పరిశీలనల్లో ఒకటి, ఇలాంటి పిల్లల్లో దాదాపు పదింట ఒకరికి గణనీయమైన తేడా ఉన్నట్టు చూపింది. దూరదృష్టి పవర్ తరచూ నీరు కారే కంటిలోనే ఎక్కువగా కనిపించింది. నిపుణుల దగ్గరకు వచ్చేవారు మొదటే తీవ్రమైన కేసులన్న అభ్యంతరం ఉన్నమాట నిజమే. కన్నీరే చూపును పాడుచేస్తుందని రుజువు కాలేదు. కానీ తల్లిదండ్రులకు ఇక్కడ తేలాల్సింది కారణం కాదు, తమ బిడ్డకు ఆ తేడా ఉందా లేదా అన్నదే. అది పైకి కనిపించదు. రెండో కన్ను బాగా చూస్తున్నంతకాలం బిడ్డకూ తెలియదు, కాబట్టి చెప్పదు.

పరీక్ష కష్టమైనది కాదు. కనుపాపను విప్పార్చే చుక్కలు వేసి, కంట్లోకి వెలుగు పంపి, బిడ్డ ఒక్క అక్షరం చదవనక్కర లేకుండానే పవర్ కొలుస్తారు. ప్రోబింగ్‌కు మత్తు ఇచ్చినప్పుడే దీన్నీ పూర్తిచేసే వీలుంది. ఇంట్లో ఒక చిన్న గుర్తు: ఒక కన్ను మూస్తే మౌనంగా ఉండి, రెండోది మూస్తే బిడ్డ చేయి నెట్టివేస్తూ ఏడిస్తే అనుమానించాలి. దానంతట నీరు ఆగినా, ఈ పరీక్ష మానకూడదని పలువురు పిల్లల కంటి వైద్యులు సూచిస్తున్నారు.

తేడా తేలితే ముందు కళ్లద్దాలు, అవసరమైతే బాగా కనిపించే కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ. మధ్యస్థాయి లేజీ ఐకి రోజుకు రెండు గంటల పట్టీ ఆరు గంటలంత ఫలితమిచ్చినట్టు 2003లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఏడేళ్ల లోపు చికిత్స బాగా పనిచేస్తుంది; తరువాత పూర్తిగా వృథా కాదు కానీ ఫలితం తగ్గుతుంది. మెల్లకన్ను అదృష్టమన్న మాట నమ్మి ఆ వయసు దాటించుకున్నవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వస్తాయి. సమస్య ఉన్నవారిని డీఈఐసీలుగా పిలిచే జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతాయి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు లక్షల మంది చూపును పరీక్షించాయి. ఆంధ్రప్రదేశ్ బడి పిల్లలతోనే శ్రీకారం చుట్టింది. అయితే బడిలో బోర్డు మీది అక్షరాలు చదివించే పరీక్ష ఏడాది బిడ్డకు అందదు. బృందం అంగన్‌వాడీకి వచ్చిన రోజున, పుట్టినప్పటి నుంచి ఏ కంట నీరు కారిందో, ఎప్పుడు ఆగిందో తల్లి చెబితే, బిడ్డను కంటి వైద్యుడి దగ్గరకు పంపమని కోరే ఆధారం చేతిలో ఉన్నట్టే.