హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్‌గా మనోలో మార్కెజ్ నియామకం

స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్‌ను హైదరాబాద్ ఎఫ్‌సీ 2020 ఆగస్టు చివర్లో ముఖ్య కోచ్‌గా నియమించింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు రెండేళ్లు తిరక్కుండానే కప్పు గెలిచింది. ఈ క్లబ్ తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకన్నా మంచిది మరొకటి లేదు.

నిజానికి క్లబ్ మొదట ఎంచుకున్నది ఆయన్ను కాదు. మూతపడిన పుణె సిటీ స్థానంలో 2019లో ఏర్పడిన ఈ జట్టు గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియాన్ని సొంత మైదానంగా చేసుకుంది. తొలి కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తప్పించారు. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి, 10 పాయింట్లతో జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. తర్వాతి సీజన్‌కు ఆల్బర్ట్ రోకాతో ఒప్పందం కుదిరింది. 2016లో బెంగళూరును ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేర్చినవాడు కాబట్టి ఆయన మీద ఆశలు బాగానే ఉండేవి. అంతలో బార్సిలోనా పిలిచింది, రోకా వెళ్లిపోయాడు. సీజన్‌కు మూడు నెలలైనా లేని ఆ సమయంలో మార్కెజ్ వచ్చాడు. లాస్ పాల్మాస్‌కు కొద్దికాలం లా లిగాలో కోచ్‌గా పనిచేసినా, భారత ఫుట్‌బాల్ ఆయనకు పూర్తిగా కొత్త.

కోవిడ్ వల్ల 2020-21 మ్యాచ్‌లన్నీ గోవాలో, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. మార్కెజ్ అసలు పనితనం ఆ ఏడాదే బయటపడింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్ వంటి కుర్రాళ్లను బెంచీకి పరిమితం చేయకుండా వరసగా ఆడించాడు. 20 మ్యాచ్‌ల్లో ఓడినవి మూడే. కానీ 11 డ్రా కావడంతో 29 పాయింట్లతో ఐదో స్థానం దగ్గరే ఆగిపోయింది. క్లబ్ ఆయన్నే కొనసాగించింది.

మరుసటి సీజన్‌లో నైజీరియా ఆటగాడు ఓగ్బెచె తోడై 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. వెనకబడి ఉన్న హైదరాబాద్‌కు 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

ఈ ఊరికి గొప్ప కోచ్‌లు కొత్త కాదు. 1950లో సిటీ పోలీస్ జట్టును చేపట్టిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఆ ఏడాది నుంచే వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది ఆయన శిక్షణలోనే. అయితే రహీం ఆటగాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగాలుండేవి, నెల తిరిగేసరికి జీతం అందేది. కొత్త క్లబ్బుకు కొరవడింది సరిగ్గా ఆ ఆధారమే.

2022-23లో 42 పాయింట్లతో రెండో స్థానం దక్కాక మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు మారాడు. ఆయన స్థానంలో ఐర్లండ్ దేశస్థుడు కానర్ నెస్టర్ వచ్చేసరికే జీతాల బకాయిలు పేరుకున్నాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సీజన్ సగంలో నెస్టర్ కూడా తప్పుకోగా, థాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతో నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ వైఫల్యాన్ని కోచ్‌ల ఖాతాలో రాయడం అన్యాయం. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లిన క్లబ్, 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని రాజధానికి తరలిపోయింది.