గామా - జిబిస్కో కుస్తీ: ఒక్క నిమిషం కథ

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంపాదకులు నన్ను కోరారు. ముప్పై ఏళ్ళకు పైగా పే బిల్లులు రాసిన చెయ్యి నాది. చరిత్ర రాసే పాండిత్యం నాకు లేదు. అయినా ఒక కుస్తీ పోటీ గురించి రాయవలసిన బాకీ ఒకటి నా మీద చాలాకాలంగా ఉంది. ఆ బాకీ మా నాన్నగారికి. ఆయన 1979లో కాలం చేశారు. తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది విజయనగరం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు పెరిగి, సాము నేర్చి, పేరు తెచ్చుకున్న ఊరు. ఆ గాలి తగిలిన ఊళ్ళో పుట్టినందుకు మా నాన్నగారు కూడా పడుచుతనంలో తాలింఖానాకు వెళ్ళి దండీలు, బస్కీలు తీసినవారే. తరవాత గుమాస్తాగిరీ, సంసారం వచ్చి సాము వెనకబడింది కాని, కుస్తీ కబుర్లు మాత్రం పోలేదు. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద నలుగురు స్నేహితులు చేరేవారు. ఎక్కడ మొదలుపెట్టినా కబుర్లు చివరికి గామా పహిల్వాను దగ్గరికే చేరేవి.

"జిబిస్కో అంటే ప్రపంచ ఛాంపియను. ఏనుగులాంటి మనిషి. గామా తొడ చరిచి మట్టి గోదాలోకి దిగాడు. మహారాజావారు చూస్తున్నారు. అంతే, ఒక్క నిమిషం! చిత్తు!" అని నాన్నగారు అరచెయ్యి వెల్లకిలా తిప్పి అరుగు మీద కొట్టేవారు. చిన్నప్పుడు ఆ చప్పుడు వినడానికే నేను గుమ్మంలో కూర్చునేవాణ్ణి.

లండనులో ఏం జరిగింది

1971లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో ఈ పోటీ సంగతి దొరికింది. ఆత్రంగా చదివాను. అందులో ఉన్నది నాన్నగారు చెప్పిన కథ కాదు.

గామా అసలు పేరు గులాం మహమ్మద్. పంజాబులో అమృతసర్ ప్రాంతంలో, కుస్తీయే వృత్తిగా ఉన్న కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళ వయస్సులో జోధపూరులో జరిగిన బస్కీల పోటీలో వందలాది పెద్ద పహిల్వాన్ల మధ్య నిలబడి అందరి దృష్టిలో పడ్డాడు. ఆ తరవాత దతియా సంస్థానం ఆయన్ని చేరదీసింది. దేశంలో పేరున్న వస్తాదులను ఒక్కొక్కరినే గెలుస్తూ వచ్చి, 1910లో తమ్ముడు ఇమాం బక్ష్‌తోను, మరికొందరు పహిల్వాన్లతోను కలిసి లండను వెళ్ళాడు. ఖర్చు పెట్టుకున్నది శరత్ కుమార్ మిత్రా అనే బెంగాలీ ధనికుడు. పోటీల ఏర్పాటు చూసినవాడు బెంజమిన్ అనే ఇంగ్లీషువాడు.

గామా అయిదడుగుల ఏడంగుళాల మనిషి. అక్కడివాళ్ళ కళ్ళకు పెద్దగా ఆనలేదు. పేరున్నవాళ్ళెవరూ ఎదుటికి రాలేదు. అప్పుడు ఆయన తరఫున ఒక సవాలు ప్రకటించారు. ఏ బరువువాళ్ళయినా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని దాని సారాంశం. చివరికి బెంజమిన్ రోలర్ అనే అమెరికను మల్లుడు ముందుకొచ్చాడు. ఈయన చదువుకున్న డాక్టరు కూడా. ఆగస్టు 8న అల్హంబ్రా థియేటరులో గామా ఆయన్ని మొదటిసారి రెండు నిమిషాల లోపే, రెండోసారి పది నిమిషాల లోపే పడగొట్టాడు. ఆపైన ఇమాం బక్ష్ స్విట్జర్లాండు వస్తాదు జాన్ లెమ్‌ను కొద్ది నిమిషాల్లోనే ఓడించాడు. దాంతో లండను పత్రికలు మేలుకున్నాయి.

అప్పుడు కుదిరింది అసలు పోటీ. 'జాన్ బుల్' అనే వారపత్రిక పేరుతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ బెల్టు, 250 పౌన్ల బహుమానం. ఎదటివాడు స్టానిస్లాస్ జిబిస్కో. పోలెండువాడు. ఇక్కడ ఒక చిన్న చరిత్ర విశేషం మనవి చేస్తాను. ఆనాటికి పోలెండు అనే దేశం పటంలో లేదు. మూడు సామ్రాజ్యాలు దాన్ని పంచుకున్నాయి. జిబిస్కో పుట్టింది ఆస్ట్రియా ఏలుబడిలోని భాగంలో. గామా పుట్టింది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో. సొంత జెండా లేని ఇద్దరు మనుషులు లండను నడిబొడ్డున ప్రపంచ ఛాంపియన్‌షిప్పుకు తలపడ్డారన్నమాట!

1910 సెప్టెంబరు 10న షెపర్డ్స్ బుష్‌లోని స్టేడియంలో పోటీ జరిగింది. 1908 ఒలింపిక్సు జరిగిన చోటే అది. మొదలైన కొద్దిసేపటికే గామా జిబిస్కోను కిందికి తెచ్చాడు. జిబిస్కోకు అవతలివాడి సత్తా ఆ ఒక్క పట్టుతోనే తెలిసిపోయింది. ఇక లేవలేదు. పరుపు మీద బోర్లా పడుకుని, చేతులూ మోకాళ్ళూ దన్నుపెట్టి, తన బరువంతా నేలకు అప్పగించి ఉండిపోయాడు. నిబంధన ప్రకారం రెండు భుజాలూ నేలకు ఆనిస్తేనే గెలుపు. బరువులో తనకన్నా బాగా ఎక్కువైన మనిషిని, బోర్లా పడుకున్నవాణ్ణి, వెల్లకిలా తిప్పడం గామా వల్ల కాలేదు. ఆ పట్టూ ఈ పట్టూ పడుతూనే ఉన్నాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. జనం విసుక్కున్నారు. సుమారు రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు అలా సాగి, చివరికి పోటీని డ్రాగా నిలిపివేశారు.

మళ్ళీ సెప్టెంబరు 17న తలపడాలని నిర్ణయించారు. ఆ రోజు గామా వచ్చాడు. జిబిస్కో రాలేదు. బెల్టు గామాకు ఇచ్చారు.

ఇదీ పుస్తకంలో ఉన్న సంగతి. నిమిషం లేదు, చిత్తు లేదు. ఎదటివాడు రాకపోతే చేతికొచ్చిన బెల్టు.

అరుగు మీద జరిగింది

ఆ ఆదివారం నాన్నగారు మామూలుగానే కథ ఎత్తుకున్నారు. "ఒక్క నిమిషం! చిత్తు!" అని చెయ్యి అరుగు మీద కొట్టేలోగా నేను అందుకున్నాను.

"అది నిజం కాదండీ నాన్నగారూ. గామా ఆయన్ని పడగొట్టనే లేదు. రెండున్నర గంటలు కిందామీదా పడ్డారు. డ్రా అయింది. నేను పుస్తకంలో చదివాను" అన్నాను. ఇరవై రెండేళ్ళ వయస్సు. కొత్త ఉద్యోగం. నలుగురి ముందు చెప్పడంలో ఒక గొప్ప ఉందనుకున్నాను. తేదీలు కూడా చెప్పాను.

నాన్నగారి స్నేహితులు నవ్వారు. "ఏవయ్యా, ఇన్నాళ్ళూ మమ్మల్ని బోల్తా కొట్టించావా?" అన్నారు ఒకరు. నాన్నగారు నన్నొకసారి చూసి, "అలాగా నాయనా! పుస్తకంలో ఉంటే అదే అయి ఉంటుందిలే" అన్నారు. అంతే. కోప్పడలేదు. వాదించలేదు. ఆ తరవాత ఎనిమిదేళ్ళు బతికారు కాని, గామా కథ మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

పటియాలాలో ఏం జరిగింది

2006లో రిటైరయ్యాక తీరిక చిక్కి, పాత ఇష్టాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాను. గామా గురించి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, నేను 1971లో చదివినది సగం కథేనని.

గామా, జిబిస్కో రెండోసారి కలిశారు. లండనులో కాదు, మన దేశంలోనే. 1928 జనవరి నెలాఖరులో పటియాలా మహారాజా భూపీందర్ సింగు పోటీ ఏర్పాటు చేశారు. వేలాది జనం కోసం ప్రత్యేకంగా స్టేడియం కట్టించారు. ఈసారి పరుపు లేదు. మట్టి గోదా. అప్పటికి పద్ధెనిమిదేళ్ళు గడిచాయి. గామాకు ఏబై ఏళ్ళు దగ్గరపడ్డాయి. జిబిస్కోకూ ఇంచుమించు అంతే. మన కొలతలో చెప్పాలంటే ఇద్దరూ రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్ళే!

చెయ్యీ చెయ్యీ కలిపారు. బోర్లా పడుకునే వ్యవధి జిబిస్కోకు దొరకలేదు. గామా ఆయన్ని పట్టి వెల్లకిలా వేశాడు. కొందరు ఇన్ని సెకండ్లని, కొందరు అన్ని సెకండ్లని రాశారు గాని, నిమిషం నిండలేదన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న మాట.

అది చదివి పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. "మట్టి గోదాలోకి దిగాడు. మహారాజావారు చూస్తున్నారు." నాన్నగారు ప్రతిసారీ చెప్పిన మాటలవి. లండనులో మట్టి గోదా ఎక్కడిది? మహారాజావారెక్కడినుంచి వచ్చారు? ఆయన ఏనాడూ 'లండను' అన్న మాటే అనలేదు. ఆ ఊరు తగిలించినది నేను. 1928లో నాన్నగారికి పదమూడేళ్ళు. ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు తాలింఖానాలో పెద్దవాళ్ళు చదువుతుంటే విని ఉంటారు. విన్నది విన్నట్టే నలభై ఏళ్ళు చెప్పారు. తప్పు ఆయనది కాదు. సగం చదివి సరిదిద్దబోయిన నాది.

మరి జిబిస్కో పిరికివాడా? చాలామంది అలాగే అనుకుంటారు. నాకు అలా అనిపించదు. రెండున్నర గంటలు గామా పట్లు కాచుకోవడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. ఆయన 1921లో అమెరికాలో ఎడ్ స్ట్రాంగ్లర్ లూయిస్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియను అయ్యాడు. అప్పటికే అక్కడి కుస్తీల్లో చాలావరకు గెలుపోటములు ముందే మాట్లాడుకునే పద్ధతి వచ్చేసింది. 1925లో వేన్ మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాణ్ణి పెద్ద ఛాంపియనుగా నిలబెట్టడానికి, జిబిస్కో ఓడిపోవాలని ఒప్పందం చేసుకున్నారు. ఫిలడెల్ఫియాలో గోదాలోకి దిగాక ఈ పెద్దాయన ఒప్పందం పక్కనపెట్టి నిజం కుస్తీ పట్టాడు. ఆ కుర్రవాణ్ణి చిత్తుగా ఓడించి బెల్టు తీసుకున్నాడు. ఉత్తుత్తి కుస్తీల మధ్య జరిగిన నిజం కుస్తీగా అది చరిత్రలో నిలిచిపోయింది. ఆ తరవాత మూడేళ్ళకు, అలాంటి మనిషి అంత దూరం ప్రయాణం చేసి, గామా సొంత మట్టి మీద గామాకు ఎదురు నిలిచాడు. 1910 సెప్టెంబరు 17న రాని మనిషి 1928లో వచ్చాడు. ఆలస్యమైనా బాకీ తీర్చుకున్నాడనే నేను అనుకుంటాను.

చివరి రోజులు

గామా తరవాతి జీవితం మన పెన్షనర్లు తెలుసుకోదగ్గది. దేశ విభజన నాటికి ఆయన లాహోరులో ఉన్నాడు. 1947 అల్లర్లలో తన పేటలోని హిందూ కుటుంబాల మీదికి గుంపులు వచ్చినప్పుడు, తన పహిల్వాన్లతో వీధిలో అడ్డంగా నిలబడి వాళ్ళను కాపాడాడని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర. బెల్టు కోసం చేసిన కుస్తీలన్నిటికన్నా అది పెద్ద కుస్తీ అని నా అభిప్రాయం.

ముసలితనంలో జబ్బు చేసి, డబ్బుకు చాలా ఇబ్బంది పడ్డాడు. ఆ సంగతి తెలిసి మన దేశంలోని ఘనశ్యామదాస్ బిర్లా గారు కొంత సొమ్ము పంపి, నెలనెలా పింఛను కూడా ఏర్పాటు చేశారు. సరిహద్దు దాటి వెళ్ళిన పింఛనది. నెల మొదటివారంలో వచ్చే ఆ సొమ్ము విలువ ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1960 మే నెలలో గామా లాహోరులో కన్నుమూశాడు. జిబిస్కో 1967లో అమెరికాలో పోయాడు. అంతకుముందు 1950లో వచ్చిన ఒక ఇంగ్లీషు సినిమాలో ముసలి మల్లుడి వేషం కట్టాడు. ఆ కథ జరిగేది లండనులోనే!

సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి కనుక ఒక్క మాట చెప్పి ముగిస్తాను. రిజిస్టరులో ఎంట్రీ తప్పు కాకపోవచ్చు. 10-9-1910, డ్రా. అక్షరాలా నిజం. కాని ఒక్క పేజీ చూసి ఒక మనిషి సర్వీసు ఇంతేనని సంతకం పెట్టకూడదు. తరవాతి పేజీ తిప్పాలి. నేను తిప్పలేదు. తిప్పేసరికి చెప్పుకోవడానికి నాన్నగారు లేరు.

ఈమధ్య మా మనవడు టీవీలో కుస్తీలు చూస్తూ, "తాతయ్యా, వీళ్ళందరిలోకీ గొప్పవాడెవరు?" అని అడిగాడు. వాణ్ణి అరుగు మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. లండను రెండున్నర గంటలూ చెప్పాను. రాని మనిషి కోసం ఎదురుచూసిన రోజూ చెప్పాను. పటియాలా దగ్గరికి వచ్చేసరికి, "మట్టి గోదా. మహారాజావారు చూస్తున్నారు. ఒక్క నిమిషం!" అని అరచెయ్యి వెల్లకిలా తిప్పి అరుగు మీద కొట్టాను.

చెయ్యి కాస్త నొప్పెట్టింది. వాడు "ఇంకోసారి చెప్పు తాతయ్యా" అన్నాడు.

సెలవు.