పేరునకు హద్దు

తాండూరు కందిపప్పు కొనువాడు పప్పుతోబాటు ఒక నమ్మకమును గూడ కొనుచున్నాడు. తాండూరు విత్తనమును ఎవరైనను, ఎక్కడనైనను విత్తవచ్చును. కాని అట్లు వేరొకచోట పండిన పంటను "తాండూరు కందులు" అని అమ్మవచ్చునా? వస్తువు అందరిదైనప్పుడు దాని పేరు కూడ అందరిదగునా? ఇదే ప్రశ్న కంప్యూటరు లోకములోను పుట్టి, పెద్ద చర్చకు దారితీసెను.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమునకు నాంది పలికెను. ఇట్టి సాఫ్టువేరు యొక్క మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించెను. ఇట్టి భాగములనన్నిటిని చేర్చి, ప్రజలు వాడుకొనుటకు వీలుగా అందించు కూర్పును డిస్ట్రిబ్యూషన్ అందురు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అట్టిదే.

మూలము అందరిదైనను, పేరును కాపాడుకొనక తప్పదని త్వరలోనే తెలియవచ్చెను. లినక్స్ నిర్మాణముతో సంబంధము లేని ఒక వ్యక్తి అమెరికాలో ఆ పేరును తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకొనెను. వివాదము 1997లో ముగిసి, హక్కు టోర్వాల్డ్స్‌కు సంక్రమించెను.

2006లో మరియొక చిక్కు వచ్చెను. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును నిర్మించిన మొజిల్లా సంస్థ డెబియన్ వారికి రెండు షరతులు పెట్టెను: ఫైర్‌ఫాక్స్ పేరు వాడినచో దాని అధికార చిహ్నమునే వాడవలెను, చేసిన మార్పులకు తమ ఆమోదము పొందవలెను. ఇతరులు మార్చిన బ్రౌజరులో లోపమున్నచో నింద తమ పేరుపై పడునని మొజిల్లా భయము. ఆ చిహ్నమును స్వేచ్ఛగా మార్చి పంచుటకు అనుమతి లేదనియు, ప్రతి సవరణకు ఒకరి సమ్మతికై వేచియుండజాలమనియు డెబియన్ వారి వాదము. రెండు వాదములలోను న్యాయము కలదు. తుదకు డెబియన్ వారు బ్రౌజరును విడువలేదు, పేరును విడిచిరి. నిప్పునకు మారుగా మంచు, నక్కకు మారుగా ముంగిసవంటి వీజిల్ అను జంతువు వచ్చి, "ఐస్‌వీజిల్" అను క్రొత్త పేరు ఏర్పడెను. పదేండ్ల తరువాత, 2016లో, రాజీ కుదిరి పాత పేరు తిరిగి వచ్చెను.

ఈ నీతినే డెబియన్ కూడ పాటించుచున్నది. దాని సాఫ్టువేరును మార్చి క్రొత్త కూర్పు చేయువారు "డెబియన్ ఆధారముగా నిర్మించితిమి" అని నిజము చెప్పుకొనవచ్చును. తమదే డెబియన్ అను భ్రమ మాత్రము కలిగింపరాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేయునట్లు రూపొందించిన కూర్పు "స్వేచ్ఛ" అను సొంత పేరుతోనే వెలువడెను.

ఇక తాండూరు సంగతి. భారతదేశములో ట్రేడ్‌మార్కుల చట్టము, భౌగోళిక గుర్తింపుల చట్టము రెండును 1999లో చేయబడి, 2003 సెప్టెంబరు 15న ఒకే దినమున అమలులోనికి వచ్చినవి. వికారాబాదు జిల్లాలోని యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు ఫలితముగా, 2022 డిసెంబరులో తాండూరు కందులకు భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి నల్లరేగడిలో అట్టపుల్గైటు అను బంకమట్టి ఖనిజము, సున్నపురాతి నిక్షేపములు విస్తారముగా కలవు. వర్షాధారముగా పండు ఆ కందులలో మాంసకృత్తులు 22 నుండి 24 శాతము వరకు ఉండును.

రెండు చట్టములకు ఒక ముఖ్యభేదము కలదు. ట్రేడ్‌మార్కును యజమాని మరియొకరికి అమ్మవచ్చును. భౌగోళిక గుర్తింపును అమ్ముటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని వీలులేదు; ఏలయన అది ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిది. విత్తనము ఊరు దాటవచ్చును, పేరు దాటరాదు. వేరొకచోటి కందులు ఆ పేరుతో సంతకు వచ్చినచో, కొనువాడు మోసపోవుటయే గాక, తాండూరు రైతునకు రావలసిన ధర కూడ పడిపోవును.